హార్మోన్లకు కులం లేదు, అవమానానికి ఉంది

మిరపకాయ కోతల కాలం. బూర్గంపాడు దగ్గర ఒక చేలో మధ్యాహ్నం సద్ది తిని ఆడోళ్లంతా చెట్టు కింద కూర్చున్నారు. ఒక పడుచుపిల్ల సెల్‌ఫోన్‌లో వీడియో పెట్టింది. కోటు వేసుకున్న ఒకాయన చెప్పుకుపోతున్నాడు. మనిషి ఒంట్లో నాలుగు సంతోషపు హార్మోన్లు ఉన్నాయట. పొద్దున్నే లేచి, ఎండలో నడిచి, నవ్వుతూ ఉంటే అవి ఊరతాయట. మన సంతోషం మన చేతిలోనే ఉందట.

అంతా విన్న పెద్దమ్మ ఒకామె అడిగింది: "నేను నాలుగింటికే లేస్తనే ఉన్న బిడ్డా. పొద్దుగూకేదాక ఎండలనే ఉంట. మరి ఆ నాలుగు నా ఒంట్లకు ఎందుకు రాలే? అవి గూడ పటేండ్ల బజారుకే పోయినయా?"

అందరూ పడిపడి నవ్వారు. పెద్దమ్మ నవ్వులాటకే అన్నది. కానీ ఆ కోటాయన దగ్గర ఈ ప్రశ్నకు జవాబు లేదు. మనమైనా వెతకాలి గదా!

తలరాత పోయి హార్మోన్ వచ్చిందా?

మన తాతల కాలంలో బాధపడేవాడికి ఒకే జవాబు చెప్పేవాళ్లు. పోయిన జన్మలో చేసుకున్నావు, ఈ జన్మలో అనుభవిస్తున్నావు, నోరు మూసుకుని భరించు అని. ఇప్పుడు కొత్త జవాబు వచ్చింది. నీ ఒంట్లో ఫలానా హార్మోన్ తగ్గింది, నవ్వడం నేర్చుకో అని. మొదటిది భరించమంటుంది, రెండోది నవ్వమంటుంది. "నిన్ను ఏడిపించింది ఎవడు?" అని మాత్రం రెండూ అడగవు.

అట్లాగని సైన్సును అవతల పారేద్దామా? వద్దు. సైన్సు ఎవడి అబ్బ సొత్తూ కాదు. దాన్ని సగం చెప్పి వదిలేస్తే మనకు నష్టం. పూర్తిగా తెలుసుకుంటే అది మన పక్కనే నిలబడుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

హార్మోన్ అంటే చాటింపు

హార్మోన్ అనే పేరు పెట్టింది ఇంగ్లండు దేశపు స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త, 1905లో. గ్రీకు భాషలో కదిలించేది, పురికొల్పేది అని దాని అర్థం. అంతకు మూడేళ్ల ముందు, 1902లో, ఆయనా బేలిస్ అనే ఇంకొకాయనా కలిసి ఒక సంగతి కనిపెట్టారు. పేగులో పుట్టిన ఒక రసం నెత్తురులో కలిసి పోయి, దూరంగా ఉన్న క్లోమాన్ని పని చేయిస్తుందని.

మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే హార్మోన్ అంటే ఊళ్లో వేసే చాటింపు. గ్రంథి అనేది డప్పు. నెత్తురు అనేది బజారు. గ్రంథి డప్పు కొడితే ఆ కబురు నెత్తురు వెంట ఒళ్లంతా తిరుగుతుంది. గుండె వింటుంది, కాలేయం వింటుంది, మెదడు వింటుంది. ఎవరి పని వాళ్లు మొదలుపెడతారు. డోపమిన్, సెరటోనిన్ వంటివి మెదడులో ఎక్కువగా ఒక నరం నుంచి పక్క నరానికి చెవిలో చెప్పే కబురు వంటివి. పెద్ద చాటింపు కాదు, గుసగుస. వీడియోల్లో అన్నింటినీ కలిపి హార్మోన్లే అంటున్నారు.

చాటింపు వేసే పని మన తాతలు తరతరాలుగా చేశారు కాబట్టి మనకు ఒక సంగతి బాగా తెలుసు. చాటేవాడు కబురు పుట్టించడు. ఎవడో పంపితేనే చాటుతాడు. పన్ను కట్టమని చాటింపు వస్తే డప్పు మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. చాటించింది ఎవడో చూడాలి. హార్మోన్ సంగతి కూడా అంతే.

అడవిలో ఎలుగు, ఊళ్లో ఎలుగు

తునికాకు కోతకు పోయినప్పుడు పొదలో నుంచి ఎలుగుబంటి లేచిందనుకోండి. మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. అవి వెంటనే అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె దడదడా కొట్టుకుంటుంది. కాలేయం దాచిపెట్టిన చక్కెరను నెత్తురులోకి వదులుతుంది. పిక్కలకు బలం వస్తుంది. ఆ తర్వాత అదే గ్రంథి నుంచి కార్టిసాల్ వచ్చి ఆ బలాన్ని కాసేపు నిలబెడుతుంది. ఎలుగు పోయాక, గూడెం చేరాక ఒళ్లు చల్లబడుతుంది. రాత్రికి ఆ కథ చెప్పుకుని నవ్వుకుంటాం కూడా. ఇది ఒంటికి చుట్టం, శత్రువు కాదు.

మరి ఆ ఎలుగు ఊళ్లోనే కాపురం ఉంటే? కూలి డబ్బులు అడగడానికి పోయినప్పుడు గుమ్మం అవతల నిలబెడితే? బడిలో పిల్లగాణ్ణి కులం పేరు పెట్టి పిలిస్తే? హోటల్లో గ్లాసు వేరేగా పెడితే? పోడులో దుక్కి దున్నుతుంటే ఎప్పుడు ఏ జీపు వస్తుందోనని రోజూ చెవులు రిక్కించి బతకాల్సి వస్తే? ఈ ఎలుగు పోదు. ఒళ్లు చల్లబడే సమయమే రాదు.

కార్టిసాల్ మామూలుగా తెల్లవారి ఎక్కువగా ఉండి, పొద్దుగూకేసరికి తగ్గాలి. ఏళ్ల తరబడి భయంలో బతికేవాళ్లకు ఈ లెక్క చెడిపోతుంది. నిద్ర చెడుతుంది. రక్తపోటు, చక్కెర జబ్బు రావడానికి దారి పడుతుంది. మతిమరుపు, విసుగు, ఊరికే కోపం మొదలవుతాయి. అప్పుడు ఊరు ఏమంటుంది? "వాళ్లకు ముక్కు మీద కోపం. వాళ్ల నెత్తురే అంత." నెత్తురు అంత కాదు. ఆ నెత్తురులోకి రోజూ అట్లాంటి చాటింపు పంపిస్తున్నారు.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో డికర్సన్, కెమెనీ అనే ఇద్దరు 2004లో 208 ప్రయోగాలను కలిపి పరిశీలించారు. మనిషిని ఏ రకం కష్టం పెడితే కార్టిసాల్ ఎక్కువ పెరుగుతుందని చూశారు. లెక్కలు చేయించడమా, పెద్ద చప్పుడు వినిపించడమా, నలుగురి ముందు నిలబెట్టడమా? తేలింది ఏమిటంటే, రెండు సంగతులు కలిసినచోట అది అన్నిటికంటే ఎక్కువ పెరిగింది. ఒకటి, పదిమంది తనను తక్కువగా తూకం వేస్తున్నారనే భయం. రెండోది, ఏం చేసినా ఫలితం తన చేతిలో లేకపోవడం. అవమానం, నిస్సహాయత. ఈ రెండూ కలిపి ఒక ఏర్పాటు చేస్తే దానికి మన దేశంలో పేరేమిటో వేరే చెప్పాలా?

కడుపు నిండితే సరిపోదా అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకూ జవాబు ఉంది. లండన్‌లో సర్కారు నౌకర్ల మీద 1967 నుంచి ఒక పెద్ద పరిశీలన జరిగింది. వైట్‌హాల్ పరిశీలన అంటారు. అందరికీ నెలజీతం ఉంది, అందరికీ దవాఖాన ఉంది. పస్తులున్నవాడు లేడు. అయినా అట్టడుగు మెట్టు మీద పనిచేసేవాళ్లు గుండెజబ్బుతో చచ్చిపోవడం పైమెట్టు వాళ్లకు మూడింతలు ఉంది. బీడీ సిగరెట్లు, రక్తపోటు వంటివి లెక్కలో తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. మెట్టు కూడా మనిషిని చంపుతుంది. అక్కడ పదోన్నతి వస్తే మెట్టు ఎక్కొచ్చు. మన దగ్గర మెట్టు పుట్టుకతో వస్తుంది.

మన దేశంలోనే ఇంకో ప్రయోగం జరిగింది. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో హాఫ్, పాండే అనే ఇద్దరు బడిపిల్లలకు కాగితం మీద దారులు కనిపెట్టే ఆట పెట్టారు. ఎన్ని దారులు కనిపెడితే అన్ని డబ్బులు. కులం మాట ఎత్తకుండా ఆడించినప్పుడు దళితుల పిల్లలు, పైకులాల పిల్లలు సమానంగా చేశారు. పిల్లల పేర్లు, కులాలు అందరి ముందూ చదివి ఆడించినప్పుడు దళితుల పిల్లలు వెనకబడ్డారు. తెలివి అదే, పిల్లలు అట్లాంటివాళ్లే. మధ్యలో వచ్చింది ఒక్క మాట. ఈ ప్రయోగంలో హార్మోన్లు కొలవలేదు. కానీ ఒక్క మాట మనిషిని లోపల ఎట్లా కుంగదీస్తుందో ఇంతకంటే రుజువు కావాలా?

పొయ్యిలో నిప్పు ఒకటే

ఇంకో ప్రయోగం చెప్పుకోవాలి. 1962లో అమెరికాలో షాక్టర్, సింగర్ అనేవాళ్లు కాలేజీ కుర్రాళ్లకు అడ్రినలిన్ సూది వేశారు. అదేం సూదో కొందరికి చెప్పలేదు. తర్వాత కొందరిని కులాసాగా ఆడుతూ పాడుతూ ఉండే మనిషి పక్కన కూర్చోబెట్టారు. కొందరిని చిరాకుపడి తిట్టే మనిషి పక్కన కూర్చోబెట్టారు. ఒకే మందు. కానీ అక్కడ ఉత్సాహం, ఇక్కడ కోపం పుట్టుకొచ్చాయి. ఆ తర్వాత ఇట్లాంటి ప్రయోగాలు చేసినవాళ్లకు ఫలితం అంత గట్టిగా రాలేదు. కాబట్టి దాన్ని వేదవాక్కు చేయనక్కర్లేదు. కానీ ఒక సంగతి నిలిచింది. హార్మోన్ పొయ్యిలో నిప్పు వంటిది. ఆ నిప్పు మీద అన్నం ఉడుకుతుందా, గంజి మాడుతుందా అన్నది పక్కన ఎవరున్నారు, ఎట్లా చూస్తున్నారు అనేదాని మీద కూడా ఉంటుంది.

మహాడ్ చెరువు గుర్తు చేసుకోండి. 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట వేలమంది పోయి ఆ నీళ్లు తాగారు. దాహమే అయితే ఇంకెక్కడైనా తీరేది. ఆ రోజు వాళ్ల గుండెల్లో పుట్టిన సంతోషాన్ని ఏ సూదితో ఎక్కించగలరు?

జబ్బును జబ్బుగా చూద్దాం

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రతి దిగులుకూ దొరే కారణం అనుకుంటే అదీ తప్పే. నిజంగా గ్రంథి చెడిపోయి వచ్చే దిగులు ఉంది. మన వాడల్లో, గూడేల్లో దాన్ని గుర్తుపట్టక మనుషులను పోగొట్టుకుంటున్నాం.

గొంతు దగ్గర సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది. అది మందగిస్తే మనిషి ఉబ్బుతుంది, చలి అంటుంది, ఏ పనీ చేయలేదు, ఊరికే దిగులుపడుతుంది. ఆడోళ్లలో ఇది ఎక్కువ. అత్తగారేమో "సోమరిపోతు" అంటుంది, మొగుడు తంతాడు. రక్తపరీక్షతో తెలిసిపోయే జబ్బు ఇది. రోజూ వేసుకునే చిన్న మాత్రతో సర్దుకుంటుంది. ఈ గ్రంథి పనిచేయాలంటే అయోడిన్ కావాలి. సముద్రానికి దూరంగా ఉన్న నేలల్లో అది తక్కువ ఉండొచ్చు కాబట్టి అయోడిన్ కలిపిన ఉప్పే వాడాలి.

కాన్పు అయిన కొద్ది రోజుల్లోనే తల్లి ఒంట్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. మొదటి వారంలో ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాల్లో పోతుంది. పోకుండా, బిడ్డను చూడకుండా, చావు మాటలు మాట్లాడుతుంటే అది జబ్బు. మనమేం చేస్తున్నాం? గాలి సోకిందని వేపమండలతో కొట్టిస్తున్నాం. ఎవరో చేతబడి చేశారని పక్కింటి ముసలిదాని మీద పడుతున్నాం. అవమానం అంటే ఏమిటో తెలిసిన మనమే ఇంకో మనిషిని చెట్టుకు కట్టేయడానికి సిద్ధమైతే మనకూ దొరకూ తేడా ఏముంది?

సర్కారు దవాఖానకు తీసుకుపోండి. మనసు జబ్బులకు టెలి మానస్ అని 2022 నుంచి ఉచిత ఫోన్ సాయం ఉంది. నెంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు. మందులు వాడుతున్నవాళ్లు ఈ వ్యాసం చదివి ఆపొద్దు. జ్వరానికి మందు వేసుకుంటూనే దోమల గుంట పూడ్చమని కొట్లాడతాం గదా. ఇదీ అంతే.

ఆశపెట్టి తిప్పుకుంటే

డోపమిన్‌ను సంతోషపు రసం అంటున్నారు. స్విట్జర్లాండులో షుల్ట్జ్ అనే ఆయన కోతుల మీద ప్రయోగాలు చేసి 1990లలో చూపింది వేరు. పళ్లరసం అలవాటైన కోతికి, రసం తాగేటప్పుడు కాదు, రసం వస్తుందని సైగ కనబడగానే డోపమిన్ నరాలు లేచాయి. సైగ చూపించి రసం ఇవ్వకపోతే ఆ నరాలు మామూలు కంటే కిందికి పడిపోయాయి. అంటే అది ఆశకు సంబంధించిన కబురు.

మన అడవి అంచు బతుకంతా ఈ సైగ మీదనే నడుస్తోంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2023 జూన్‌లో తెలంగాణలో పోడు పట్టాలు పంచారు. ఆదివాసులకు పట్టా రావాలి, అది వాళ్ల హక్కు. కానీ వాళ్ల పక్కనే తరాలుగా అడవిని నమ్ముకుని బతికిన దళితులు ఉన్నారు. వాళ్లను చట్టం అడిగేది ఏమిటి? 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా ఇక్కడే ఉన్నట్టు రుజువు తెమ్మని. చదువు చెప్పనివ్వని తాతలు కాగితం ఎక్కడ దాచిపెడతారు? ప్రతి ఎన్నికకూ సైగ కనబడుతుంది, రసం రాదు. ఇట్లా నలభై సార్లు ఆశ కూలిన మనిషిని "వీడికి ఉత్సాహం లేదు" అనడం ఎంత అన్యాయం!

ఆ కూలిన ఆశ మీదనే సారా వ్యాపారం నడుస్తుంది. మందు కాసేపు డోపమిన్‌ను ఎగదోస్తుంది. అలవాటైన కొద్దీ మెదడు మొద్దుబారుతుంది. మామూలు సంతోషాలు, బిడ్డ నవ్వు, తొలకరి వాన, రుచించవు. రేపటి సంతోషాన్ని ఇవాళే అప్పు తెచ్చుకోవడం అది. వడ్డీ పెళ్లాంపిల్లలు కడతారు. ఈ సంగతి 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లకు ఏ హార్మోన్ పాఠమూ లేకుండానే అర్థమైంది. వాళ్లు లేస్తే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఇవాళ మన వాడల్లో బడి కంటే బెల్టు షాపు దగ్గర.

వినేవాళ్లకు కాదు, వాయించేవాళ్లకు

మరి నిజమైన సంతోషం ఎక్కడ ఊరుతుంది? ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునే నొప్పిమందు ఒకటి ఉంది. నల్లమందు వంటిదే, ఒంట్లోనే పుడుతుంది. ఆ జాతి రసాలను 1975లో స్కాట్లండులో కనిపెట్టారు. ఎండార్ఫిన్లు అంటారు. ఆక్స్‌ఫర్డులో పడవ పందెం కుర్రాళ్లను ఒంటరిగా తెడ్డు వేయించారు, తర్వాత అందరినీ కలిపి వేయించారు. కష్టం అంతే. కానీ కలిసి వేసినప్పుడు నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగింది. ఎండార్ఫిన్లు ఊరినట్టు అది గుర్తు. 2012లో అక్కడి డన్బార్ బృందం పాట, ఆట, డప్పుల మీద ఇట్లాగే చూసింది. పాడినవాళ్లకు, ఆడినవాళ్లకు, వాయించినవాళ్లకు ఆ శక్తి పెరిగింది. ఊరికే కూర్చుని విన్నవాళ్లకు పెరగలేదు.

నాట్లు వేసేటప్పుడు మన అక్కలు పాట ఎందుకు ఎత్తుకుంటారో, కోయ గూడెంలో కొమ్ములు పెట్టుకుని రాత్రంతా ఎందుకు ఆడతారో ఇప్పుడు అర్థమైందా? నడుము నొప్పికి మందు వాళ్ల గొంతులోనే ఉంది.

మరి తరతరాలు డప్పు కొట్టిన మాదిగవాడు అందరికంటే సంతోషంగా ఉండాలి గదా? ఎందుకు లేడు? కొట్టినంతసేపూ అతని ఒంట్లోనూ ఆ రసం ఊరింది. కొట్టడం అయిపోగానే అతణ్ణి పందిరి అవతల నిలబెట్టి మిగిలిన కూడు పడేశారు. ఊరిన తేనెలో ఉప్పు పోశారు. అదే డప్పు మన సభల్లో మన కోసం మోగినప్పుడు ఆ మోత వేరుగా ఉంటుంది. చర్మం అదే, చేతులు అవే. ఎవడి కోసం కొడుతున్నామన్నది మారింది.

మనల్ని మనం అడగాల్సిన మాట

చివరిగా ఒక చేదు మాట. ఆక్సిటోసిన్‌ను ప్రేమ హార్మోన్ అంటారు. కాన్పులో, బిడ్డకు పాలివ్వడంలో దాని పని పెద్దది. నెదర్లాండ్స్‌లో 2011లో అచ్చయిన పరిశీలనలో దాన్ని ముక్కు ద్వారా పీల్పించి చూశారు. ప్రేమ పెరిగింది, కానీ ఎక్కువగా తనవాళ్ల మీద. పరాయివాళ్ల మీద కాదు. అంటే ఒళ్లు "నావాళ్లను ప్రేమించు" అంటుంది. "నావాళ్లు" ఎవరో మాత్రం చెప్పదు. అది మనం నేర్చుకునేది, నేర్పేది.

2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో కల్లోలానికి తట్టుకోలేక గుత్తికోయలు ప్రాణాలు చేతబట్టుకుని మన అడవుల్లోకి వచ్చారు. మిరపచేలల్లో మన పక్కనే కోస్తున్నారు. వాళ్లను మనం ఏమని పిలుస్తున్నాం? బోరింగు దగ్గర వాళ్ల బిందె ఎక్కడ పెట్టనిస్తున్నాం? మాల, మాదిగ అని, కోయ, లంబాడీ అని మనలో మనం గీసుకున్న గీతల అవతల ఉన్నవాడి ఒంట్లో మనం ఏ చాటింపు వేయిస్తున్నాం? దొర మనకు చేసింది మనం ఇంకొకడికి చేస్తే వాడి కార్టిసాల్‌కు తేడా తెలియదు.

పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు. ఆ నాలుగూ ఎవరి బజారుకూ పోలేదు పెద్దమ్మా. నువ్వు పుట్టినప్పటి నుంచీ నీ ఒంట్లోనే ఉన్నయి. ఆ మధ్యాహ్నం నువ్వు అందర్నీ నవ్వించినప్పుడు నీకూ ఊరినయి, పక్కవాళ్లకూ ఊరినయి. సాయంత్రం కూలి కోసి ఇచ్చి, ఏమని అడిగితే కసిరినప్పుడు ఎండిపోయినయి. కాబట్టి నవ్వడం నేర్చుకోవాల్సింది నువ్వు కాదు. తూకం సరిగ్గా వేయడం వాళ్లు నేర్చుకోవాలి. నేర్పడం మన పని.